ల్యాప్‌టాప్ మీద వాచీ గీతలు: అపోహలు – వాస్తవాలు

మీ చేతికి చైన్ వాచీ ఉంటే ఒకసారి తీసి, మణికట్టు కింద ఉండే లాకును వెలుతురులో తిప్పి చూడండి. దాని పొడవునా సన్నటి గీతలు కనిపిస్తాయి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో కీబోర్డు కింద, ఎడమ చేయి ఆనే చోటు చూడండి. అక్కడా గీతలు అడ్డంగా, అదే దిశలో ఉంటే ఆ రెండూ ఒకదాన్నొకటి గీసుకున్నవే.

అమీర్‌పేటలో 19 ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్నాను. మా దుకాణానికి వచ్చేవాళ్లలో చాలామందికి రోజంతా కీబోర్డు మీదే పని. కొత్త ల్యాప్‌టాప్ కొన్న నెలకే గీత పడిందని బాధపడుతూ వచ్చి "అన్నా, గీతలు పడని చైన్ ఏదైనా ఉందా?" అని అడుగుతారు. చైన్ మార్చే ముందు వాళ్లతో చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ల్యాప్‌టాప్ బాడీ మెటల్‌దే కదా, గీత ఎలా పడుతుంది?

అల్యూమినియం మెత్తటి లోహం. వాచీల్లో వాడే స్టీలు దానికంటే చాలా గట్టిది. అందుకే కంపెనీలు అల్యూమినియం పైన యానోడైజింగ్ చేస్తాయి. అంటే ఆ లోహం ఉపరితలాన్నే అల్యూమినియం ఆక్సైడ్ పొరగా మారుస్తారు. ఖరీదైన వాచీల్లో వచ్చే సఫైర్ గ్లాసు కూడా అల్యూమినియం ఆక్సైడే. మరి అంత గట్టి పొర ఉండగా గీత ఎందుకు పడుతుంది? ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే, తల వెంట్రుకలో సగం కూడా ఉండదు. ఎండాకాలంలో ఇంకిన చెరువు అడుగు చూసే ఉంటారు. పైన పెచ్చు గట్టిగా ఉంటుంది, కింద బురద మెత్తగానే ఉంటుంది. కాలు మోపితే పెచ్చు పగిలి దిగబడుతుంది. చేతి బరువంతా లాకు మూల మీద పడినప్పుడు ల్యాప్‌టాప్ మీద జరిగేదీ అదే. రంగు కూడా ఆ పై పొరలోనే ఉంటుంది కాబట్టి ముదురు రంగు ల్యాప్‌టాప్ మీద గీత తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది.

అయితే కనిపించే ప్రతి చారా గీత కాదు. పింగాణీ ప్లేటు మీద స్టీలు చెంచా రాసుకుంటే నల్లటి చార పడుతుంది కదా, అలా ఒక్కోసారి చైన్ లోహమే ల్యాప్‌టాప్‌కు అంటుకుంటుంది. గోరుతో అడ్డంగా రాసి చూడండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే మెత్తటి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి, చాలావరకు పోతుంది. గీతలా కాకుండా చుక్కలు చుక్కలుగా గుంటలు పడ్డాయంటే మాత్రం తప్పు వాచీది కాదు. చెమటలోని ఉప్పు లోహాన్ని తినేసిన గుర్తులవి. పని అయ్యాక తడి బట్టతో తుడిచి ఆరబెట్టడమే దానికి మందు.

అపోహ: బెల్టు వాచీ అయితే భయం లేదు.

ఎక్కువమంది నమ్మేది ఇదే. తోలు బెల్టుకు కూడా బకిల్ ఉంటుంది, అదీ మణికట్టు కిందే ఉంటుంది, అదీ లోహమే. పైగా దాని సూది ముల్లు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. నైలాన్ బెల్టులకైతే బకిల్‌తో పాటు రెండు మూడు లోహపు రింగులు అదనం.

దీనికి తోడు దుమ్ము. ఖనిజాల గట్టిదనాన్ని కొలవడానికి 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక వరుస తయారుచేశాడు. అందులో వజ్రం 10, సఫైర్ 9, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం 7. మామూలు గాజు సుమారు ఐదున్నర. అల్యూమినియం 3 కూడా ఉండదు. హైదరాబాద్ నిలబడింది గ్రానైట్ మీద, గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. బండలు కొట్టి భవనాలు కడుతున్న దారిలో బండి మీద ఆఫీసుకు వచ్చేవాళ్ల బెల్టులో ఆ రవ్వలు ఇరుక్కుంటాయి. తోలు మెత్తనే, దానికి పట్టిన ఇసుక రవ్వ మాత్రం స్టీలునూ గీస్తుంది, గాజునూ గీస్తుంది. నా దగ్గరికి వచ్చే బెల్టులను బ్రష్‌తో దులిపితే కింద తెల్ల కాగితం మీద రాలేది చూసి వాళ్లే ఆశ్చర్యపోతారు. వారానికోసారి మెత్తటి టూత్‌బ్రష్‌తో దులపండి.

అపోహ: టైటానియం, సెరామిక్ చైన్లు గీయవు.

టైటానియం తేలిక కాబట్టి ఒత్తిడి కొంత తగ్గుతుంది, అంతే. సెరామిక్ స్టీలు కంటే గట్టిది. దానికి సులువుగా గీతలు పడవు, అది మాత్రం గీస్తుంది.

అపోహ: డయల్ లోపలివైపుకి తిప్పి పెట్టుకుంటే సరి.

ఇలా చేస్తే ల్యాప్‌టాప్ మీద ఆనేది వాచీ గ్లాసు, దాని చుట్టూ ఉన్న అంచు. సఫైర్ గ్లాసు అంచయితే యానోడైజింగ్‌నూ వదలదు. నాన్నగారి పాత హెచ్‌ఎంటీ పెట్టుకునేవాళ్లకు నష్టం తిరగబడుతుంది. ఆ గ్లాసు అక్రిలిక్, అంటే ఒక రకం ప్లాస్టిక్, అదే గీతలు పడి మసకబారుతుంది. అక్రిలిక్ గీతలను టూత్‌పేస్ట్‌తో రుద్ది పోగొట్టొచ్చు. అది చూసి ల్యాప్‌టాప్‌కూ టూత్‌పేస్ట్ రాసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. గీత పోదు సరికదా, చుట్టూ ఉన్న మెరుపు మారిపోయి అరచేయంత మచ్చ మిగులుతుంది.

అపోహ: మందపాటి స్టిక్కర్ వేస్తే ఇక చూడక్కర్లేదు.

పల్చటి ఫిల్మ్ మంచిదే, నేనూ వేయించుకోమంటాను. మందంగా ఉంటే మాత్రం మూత వేసినప్పుడు స్క్రీన్‌కు తగులుతుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో స్క్రీన్‌కూ కీబోర్డుకూ మధ్య సందు చాలా తక్కువ. గీత తప్పించబోయి స్క్రీన్ పగలగొట్టుకుంటే ఖర్చు ఎన్నో రెట్లు.

అపోహ: చేతి కదలికతో స్ప్రింగు తిరిగే ఆటోమేటిక్ వాచీ తీసి పక్కన పెడితే ఆగిపోతుంది.

పూర్తిగా తిరిగిన స్ప్రింగుతో మామూలు ఆటోమేటిక్ వాచీ దాదాపు 40 గంటలు నడుస్తుంది. ఎనిమిది గంటల పనికి ఏమీ కాదు. నన్నడిగితే వాచీ తీసి పెట్టుకోవడమే అన్నిటికంటే మంచి దారి. పెళ్లికి అత్తగారు పెట్టిన గోల్డ్ ప్లేటింగ్ వాచీ అయితే మరీను. బల్లకు, ల్యాప్‌టాప్‌కు రాసుకుని ముందు పూత పోయేది లాకు దగ్గరే.

ఎక్కడ పెడుతున్నారన్నది మాత్రం ముఖ్యం. ల్యాప్‌టాప్ మీద పెట్టొద్దు. మూత అంటుకోవడానికి, స్పీకర్లకు లోపల అయస్కాంతాలుంటాయి. కీ ఇచ్చే వాచీలు, ఆటోమేటిక్ వాచీల లోపల వెంట్రుకలాంటి హెయిర్‌స్ప్రింగ్ ఉంటుంది. దానికి అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడుతుంది. "ల్యాప్‌టాప్ కరెంటు వల్ల వాచీ పాడైంది" అని తెచ్చేవాటిలో నేను చూసేది ఎక్కువగా ఇదే. అయస్కాంతం పట్టిన వాచీని దిక్సూచి దగ్గర పెడితే దిక్సూచి ముల్లు కదులుతుంది, అలా తెలుసుకోవచ్చు. అయస్కాంతాన్ని పోగొట్టే డీమాగ్నెటైజర్ అనే పరికరం మీద పెట్టి తీస్తే నిమిషంలో బాగవుతుంది, దానికి వాచీ విప్పించుకోకండి.

వాచీ తీయడం కుదరనివాళ్లకు నేను చేసే పని ఒకటుంది. చైన్ వదులుగా ఉంటే వాచీ జారి అరచేతి మొదట్లోకి వచ్చి కొట్టుకుంటూ ఉంటుంది. చిటికెన వేలు దూరేంత సందు ఉంచి మిగతా లింకులు తీస్తాను. తీసేటప్పుడు 6 అంకె వైపు ఒకటి ఎక్కువ తీస్తే, ఎడమచేతి వాచీ లాకు బొటనవేలి వైపుకి జరుగుతుంది. టైపు చేసేటప్పుడు బరువు ఎక్కువగా పడేది చిటికెనవేలి వైపు కాబట్టి లాకు కొంత తప్పుకుంటుంది. తర్వాత చైన్ మొత్తం దూదితో తుడుస్తాను. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ పిన్ను బయటికి వచ్చినట్టు. లోపలికి నొక్కాల్సింది దాన్నే. బకిల్ అసలే వద్దనుకునేవాళ్లకు వెల్క్రో బెల్టు వేస్తాను.

ఇంకో మాట. టైపు చేస్తూ మణికట్టును అంచుకేసి గట్టిగా అదిమే అలవాటు ఉంటే దాన్ని మానండి. గీత సంగతి అటుంచి, వేళ్లకు వెళ్లే నరం మీద ఒత్తిడి పడి తిమ్మిర్లు మొదలవుతాయి. కుర్చీ కాస్త ఎత్తు చేసుకుంటే చేయి తేలికగా ఆనుతుంది.

తీసిన లింకులు, పిన్నులు మాత్రం దుకాణంలో వదిలేయకండి, అడిగి తీసుకోండి. ఎండాకాలం చేతులు ఉబ్బినప్పుడు ఒక లింకు మళ్లీ కావాలి, ఆ మోడల్ పాతబడితే ఎక్కడా దొరకదు.