తుప్పు తెగులు రాకముందే మొక్కను సిద్ధం చేయడం: ఈ ఆలోచన వెనుక కథ

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో రబీ మినుము, పెసర, అలసంద చేల గురించి మాట వచ్చినప్పుడు పల్లాకు తెగులు, బూడిద తెగులు పేర్లు వినిపించినంతగా తుప్పు తెగులు పేరు వినిపించదు. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి, తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టే రోజుల్లో, పైరు పూత, పిందె మీద ఉండగా, ఆకు అడుగున ఆవగింజ కన్నా చిన్న గోధుమరంగు పొక్కులు లేస్తాయి. వాటిని వేలితో రాస్తే ఎర్రటి పొడి అంటుకుంటుంది కాబట్టి దీన్ని కుంకుమ తెగులు అని కూడా అంటారు. అది కంటపడ్డాక రైతు కొట్టుకు వెళ్లి తెచ్చే మందు చాలాసార్లు మాంకోజెబ్. అది ఆకు పైపొర మీద నిలిచి, కొత్తగా మొలకెత్తే శిలీంద్ర బీజాలను ఆపుతుందే తప్ప అప్పటికే ఆకులోకి చొరబడిన శిలీంద్రాన్ని ఏమీ చేయలేదు.

ఈ తెగులు తెచ్చే యూరోమైసిస్ అనే శిలీంద్ర ప్రజాతి మీద పరిశోధనలో పెద్ద భాగం మన అపరాల మీద కాక ఫ్రెంచి చిక్కుడు మీద, అంటే మార్కెట్లో బీన్స్ అని అమ్మే కాయ మీద జరిగింది. చల్లని వాతావరణం కోరే ఆ పంటను మన రెండు జిల్లాల్లో అంతగా వేయరు. అయినా ఆ పంటలో తేలిన సంగతులు మనకు పనికివస్తాయి, ఎందుకంటే తెగులు ఆకులోకి చొరబడే తీరు దాదాపు ఒకటే. పదిహేడు నుంచి ఇరవై ఏడు డిగ్రీల వేడి, పది గంటలకు పైగా ఆకు మీద తడి ఉంటే బీజం మొలకెత్తి, సన్నని గొట్టంలా ఆకు మీద పాకుతూ పత్రరంధ్రాన్ని వెతుకుతుంది. ఆ రంధ్రం అంచున మిల్లీమీటరులో రెండు వేలవ వంతు ఎత్తుండే గట్టును తాకి, చేరవలసిన చోటు అదేనని అది గుర్తిస్తుందని 1987లో అమెరికా శాస్త్రవేత్తలు ప్లాస్టిక్ పలకల మీద అలాంటి గట్లను ఏర్పరచి నిరూపించారు. లోపలికి వెళ్లిన ఎనిమిది, పది రోజులకు పొక్కు పగులుతుంది, దాని పొడి గాలికి పక్క చేలకు చేరుతుంది.

తెగులును తట్టుకునే రకాల పెంపకం సహజంగానే మొదటి మార్గం అయింది. అయితే 1941 నాటికే హార్టర్, జామేయర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఫ్రెంచి చిక్కుడు తుప్పు శిలీంద్రంలో ఇరవై తెగలను వేరు చేసి చూపారు. ఒక తెగను ఆపే రకం మరో తెగకు లొంగిపోతుంది. దశాబ్దాలుగా నిరోధక జన్యువులను ఒకదాని మీద ఒకటి పేరుస్తూ వస్తున్నా ఈ పోటీ ముగియలేదు.

మొక్కలోనే ఉన్న రక్షణను ముందుగా మేల్కొలపవచ్చన్న ఆలోచన దీనికి సమాంతరంగా నడిచింది. మొక్కలు కూడా రోగనిరోధకత సంపాదించుకుంటాయా అన్న ప్రశ్న మీద అప్పటిదాకా వచ్చిన పరిశీలనలన్నిటినీ చెస్టర్ అనే శాస్త్రవేత్త 1933లో ఒకచోట చేర్చాడు. తుప్పు సోకిన చిక్కుడు ఆకులు ఆ తర్వాత వచ్చిన అదే తెగులును తట్టుకుంటున్నాయని కాలిఫోర్నియాలో యార్‌వుడ్ 1954లో రాశాడు. పొగాకు మొక్క కింది ఆకులకు మొజాయిక్ వైరస్ సోకిస్తే పై ఆకులు ఆ వైరస్‌ను తట్టుకునేలా గట్టిపడతాయని 1961లో రాస్ చూపాక ఈ విషయానికి గట్టి పునాది పడింది. 1979లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌ పరిశోధన కేంద్రంలో వైట్ అనే శాస్త్రవేత్త పొగాకు ఆకుల్లోకి ఆస్పిరిన్ ద్రావణం ఎక్కించి, వైరస్ మచ్చలు తగ్గడం చూశాడు. తలనొప్పి మాత్ర మొక్కకు కూడా పనిచేసిందన్నది ఆనాడు వింతే. 1990లో మొక్క స్వయంగా తయారుచేసుకునే సాలిసిలిక్ ఆమ్లమే (ఆస్పిరిన్‌కు దగ్గరి పదార్థం) ఈ రక్షణను మేల్కొలిపే సంకేతంలో కీలకమని తేలాక ఆ వింతకు కారణం దొరికింది.

తుప్పు మీద నేరుగా జరిగిన పనిలో రెండు ప్రయోగాలు ప్రధానమైనవి. బాకలా చిక్కుడు (బ్రాడ్ బీన్) కింది ఆకుల మీద ఫాస్ఫేటు ద్రావణం చల్లితే పై ఆకుల్లో తుప్పు తగ్గిందని 1992లో స్కాట్లండ్‌కు చెందిన వాల్టర్స్, ముర్రే ప్రకటించారు. చల్లింది ఎరువు జాతి పదార్థమే కానీ తెగులును చంపే మందు కాదు. 1996లో ఆస్ట్రేలియాలో డాన్, డెవరాల్ నిరోధకతను ప్రేరేపించే ఒక రసాయనాన్ని పొలంలోనే ఫ్రెంచి చిక్కుడు మీద వాడి ఫలితం చూపారు. అదే ఏడాది ఐరోపాలో గోధుమ బూడిద తెగులుకు బయాన్ పేరుతో ఇలాంటి రసాయనం మార్కెట్లోకి వచ్చింది.

ఇంత తెలిశాక కూడా ఈ పద్ధతి మన చేలదాకా ఎందుకు రాలేదన్నదానికి నా అంచనాలో ప్రధాన కారణం సమయం. ప్రేరేపించిన మొక్క గట్టిపడటానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి పొక్కులు కనబడ్డాక చల్లితే లాభం లేదు, కనబడకముందే చల్లాలి. తెగులు కంటపడితేనే మందు కొనే మన అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు. పైగా రక్షణకు మొక్క తన శక్తినే ఖర్చు పెట్టాలి. తెగులు లేని గోధుమకు బయాన్ వాడితే పెరుగుదల, గింజ రెండూ తగ్గాయని 2000లో జర్మనీ నుంచి వచ్చిన అధ్యయనం చెబుతుంది. మంచు పట్టని సంవత్సరంలో ఆ ఖర్చు రైతు మీదే పడుతుంది. కొట్లలో ‘ఇమ్యూనిటీ’ పేరుతో అమ్మే సీసాల్లో ఏముందో, ఏ పైరు మీద ఏ దశలో పరీక్షించారో అడగకుండా కొనడం ఎంత నష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

విత్తనశుద్ధి దారి చవకైనది. వేళ్ల చుట్టూ మట్టిలో ఉండే సూడోమోనాస్ బ్యాక్టీరియాను విత్తనానికి పట్టిస్తే చిక్కుడు మొక్క వేరొక బ్యాక్టీరియా తెగులును ఆకుల్లో తట్టుకుందని 1991లో ఆల్‌స్ట్రోమ్ చూపారు. సూడోమోనాస్ పొడి మన రైతులకు కొత్త కాదు, విత్తనశుద్ధికి ఎప్పటినుంచో వాడుతున్నదే. అయితే అది మినుము తుప్పును ఎంతమేర తగ్గిస్తుందన్న ప్రశ్నకు జవాబు బీన్స్ ప్రయోగాల్లో దొరకదు. కందుకూరు, కనిగిరి చేలలో, మంచు మొదలయ్యే వారానికి ముందు చల్లిన మడినీ, పొక్కు కనబడ్డాక చల్లిన మడినీ, ఏమీ చల్లని మడినీ పక్కపక్కన పెట్టి, ఆకు మీద పొక్కులతో పాటు గింజ దిగుబడిని కూడా తూచి చూస్తేనే అది తేలుతుంది.