హెపరాన్ సల్ఫేట్: ఒకే కత్తెర, రెండు తీర్పులు

రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారిపోకుండా ఆపేది కిడ్నీ వడపోత పొరలోని హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులేనా? ఆ గొలుసులను కాపాడే మందు మాట వినబడిన ప్రతిసారీ ఈ వివాదం మళ్లీ రాజుకుంటుంది. రుణావేశం ఉన్న అణువులకు ఈ పొర దాటడం కష్టమని 1970ల ప్రయోగాలు చూపిన సంగతి తెలిసిందే. అసలు పేచీ 1980లో మొదలైంది.

కన్వర్, లింకర్, ఫార్కర్ అనే పరిశోధకులు ఆ ఏడాది ఎలుకల కిడ్నీల్లోకి హెపరాన్ సల్ఫేట్‌ను తెగ్గొట్టే ఎంజైమ్‌ను పంపి, వెనకాలే ఫెరిటిన్ అనే ప్రొటీన్‌ను పంపారు. మామూలుగా పొర అంచునే ఆగిపోయే ఫెరిటిన్ ఈసారి లోపలికి చొచ్చుకుపోయింది. హెపరాన్ సల్ఫేట్ గొలుసులో గ్లూకోసమైన్, యురోనిక్ ఆమ్లం అనే చక్కెరలు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. వాటి మీద అక్కడక్కడా సల్ఫేట్లు అతుక్కుని ఉంటాయి. సల్ఫేట్లది రుణావేశం, అల్బుమిన్‌దీ రుణావేశమే, కాబట్టి గొలుసు దాన్ని వెనక్కి నెడుతుందన్నారు. వివరణ చక్కగా కుదిరింది, కాస్త ఎక్కువ చక్కగానే. ఫెరిటిన్ బరువు అల్బుమిన్‌కు ఆరేడు రెట్లు ఉంటుంది మరి.

1982లో అల్బుమిన్‌తోనే చేసి చూశారు. హెపరాన్ సల్ఫేట్‌ను తీసేస్తే అల్బుమిన్ ఎక్కువగా దాటింది. సల్ఫేటే లేని హయాలురోనిక్ ఆమ్లం అనే మరో చక్కెర గొలుసును తీసేసినా దాటింది! దానికి కార్బాక్సిల్ గుంపుల రుణావేశం ఉన్న మాట నిజమే. అయినా పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయిన పేరు హెపరాన్ సల్ఫేట్‌దే. 1992లో నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ బృందం దానికి వ్యతిరేకంగా తయారుచేసిన యాంటీబాడీని ఎలుకలకు ఎక్కిస్తే మూత్రంలోకి ప్రొటీన్ పోయింది. దాంతో కేసు తేలిపోయినట్టే అనిపించింది.

తీర్పును తిరగరాసినదీ నైమేఖన్ పరిశోధకులే. 2007లో వారు బతికున్న ఎలుకలకు హెపరాన్ సల్ఫేట్‌ను కత్తిరించే ఎంజైమ్ ఇచ్చారు. పొరలోని గొలుసులు తెగిపోయాయి, మూత్రంలో మాత్రం ప్రొటీన్ కనిపించలేదు. అదే ఏడాది అమెరికాలో జెఫ్రీ మైనర్ బృందం చిట్టెలుకల పోడోసైట్లలో (పొరకు మూత్రం వైపున ఉండే కణాల్లో) ఆ గొలుసులను మోసే ఆగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువును తొలగించింది. పొర ఆవేశం బాగా పడిపోయినా వడపోతకు ఏమీ కాలేదు. 2009లో ఆగ్రిన్‌తో పాటు పెర్లెకాన్ అనే మరో ప్రొటీన్ మోసే గొలుసులనూ తీసేసి చూశారు. అప్పుడూ అదే ఫలితం.

ఈలోగా ఆ గొలుసులను కాపాడుతుందనుకున్న మందు మనుషుల దాకా వచ్చేసింది. పంది పేగుల నుంచి తీసే సులోడెక్సైడ్‌ను టైప్ 2 మధుమేహంతో కిడ్నీ దెబ్బతిన్న 1,248 మందిలో పరీక్షించారు. 2012లో వెలువడిన ఫలితాల్లో కిడ్నీకి రక్షణ ఏదీ కనబడలేదు.

గొలుసుల పక్షం వారికీ ఒక ఆధారం ఉంది. హెపరాన్ సల్ఫేట్‌ను కత్తిరించే ఒంట్లోని ఎంజైమ్ హెపరానేజ్ లేని చిట్టెలుకలకు మధుమేహం తెప్పించినా మూత్రంలోకి అల్బుమిన్ పోలేదని అదే 2012లో తేలింది. అయితే ఆ ఎంజైమ్ కత్తిరించే గొలుసులు పొరలోనే కాదు, రక్తనాళం లోపలి కణాల మీది చక్కెర పూతలోనూ ఉంటాయి. 1980 నాటి ఎంజైమ్ కూడా రక్తం వైపు నుంచే వెళ్లింది, అంటే ముందు తగిలింది ఆ పూతకే. 2019లో చిట్టెలుకల రక్తనాళ కణాల్లో హయాలురోనిక్ ఆమ్లం తయారీని ఆపితే ఆ పూత దెబ్బతింది, మూత్రంలోకి అల్బుమిన్ పోయింది. 1982లో పక్కన పెట్టేసిన చక్కెర ఇదే.