తామరాకు మీద రంగు

నిరుడు వేసవిలో నా పాత కారు తలుపు లోపలి పలకకు నేనే రంగు వేశాను. నెల్లూరు ఎండకు అది వెలిసిపోయి, చెయ్యి ఆనే చోట తెల్లబారి ఉండేది. సబ్బునీళ్ళతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, స్ప్రే డబ్బాతో మూడు పూతలు వేశాను. కొత్త కారులా మెరిసింది. రెండు నెలలు తిరగకముందే గోరు తగిలిన చోట చిన్న పొర లేచింది. పట్టుకుని లాగితే జానెడు మేర ఉల్లిపొరలా ఊడివచ్చింది. కింద ప్లాస్టిక్ మీద రంగు ఆనవాలు కూడా లేదు. పెళుసై పొట్టుగా రాలి ఉంటే రంగు నాసిరకమని సరిపెట్టుకునేవాణ్ణి. చొక్కా విప్పినంత శుభ్రంగా వచ్చిందంటే, అసలది ఏనాడూ అంటుకోలేదన్న మాట.

ఆ పలకను తీసుకెళ్ళి రంగుల షెడ్డులో మేస్త్రీకి చూపించాను. ఆయన ఊడిన పొర వైపు కన్నెత్తి చూడలేదు. పలకను తిరగేసి, వెనక అచ్చుపడిన అక్షరాలు చదివి, "ఇది పీపీ సార్. దీనికి ప్రైమరు వేరే ఉంటుంది" అన్నారు. అక్కడున్నది 'పీపీ-టీడీ20'. పీపీ అంటే పాలీప్రొపిలీన్. తక్కినది, అందులో 20 శాతం టాల్కు పొడి కలిపారని చెప్పే గుర్తు. నీళ్ళలో వేసి తేలితే పీపీ, మునిగితే ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్ అని కొందరు చెబుతారు. పీపీ నీటికన్నా తేలికన్నది నిజమే కానీ, ఇంత టాల్కు కలిస్తే అదీ మునుగుతుంది. వెనక రాసిన రాతే నమ్మదగినది.

ఇటలీ రసాయన శాస్త్రవేత్త జూలియో నత్తా 1954లో పాలీప్రొపిలీన్‌ను స్ఫటిక లక్షణం గల గట్టి ప్లాస్టిక్‌గా రూపొందించారు. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందారు. రసాయనికంగా చూస్తే ఇది కొవ్వొత్తి మైనానికి దగ్గరి చుట్టం: కార్బన్, హైడ్రోజన్ తప్ప మరొకటి లేదు. చాలా ఆమ్లాలకు లొంగదు, మామూలు ద్రావకాలకు కరగదు, నీటిని పీల్చదు. పరాయి పదార్థమేదీ తనను అంటనివ్వని ఈ గుణం వల్లే డబ్బాలకూ కుర్చీలకూ పనికివస్తోంది. రంగుకు మాత్రం ఆ గుణమే అడ్డు.

ఒక ద్రవం ఒక తలం మీద పరుచుకుంటుందా, బొట్టుగా ముడుచుకుంటుందా అన్నది ఆ రెండింటి బలాబలాల లెక్క. ద్రవం పైపొర బిగువును తలతన్యత అంటారు; మీటరుకు మిల్లీన్యూటన్లలో నీటి తలతన్యత సుమారు 72. పాలీప్రొపిలీన్ ఉపరితల శక్తి, అంటే ద్రవాన్ని తన మీదికి లాగే బలం, 30 దగ్గర. ఇంత బలహీనమైన తలం నీటిని లాగి పరచలేదు. తామరాకు మీద నీటిబొట్టు కథలో సగం ఇదే. మిగతా సగం ఆ ఆకు మీది సూక్ష్మమైన బుడిపెలది. ద్రావకాలు కలిసిన రంగుల తలతన్యత తక్కువ కాబట్టి అవి పీపీ మీద ఎలాగో పరుచుకుంటాయి. నేను మోసపోయింది అక్కడే. పరుచుకోవడం వేరు, పట్టుకోవడం వేరు. ఏబీఎస్ మీదైతే రంగులోని థిన్నరు పైపొరను కొద్దిగా కరిగిస్తుంది, రంగూ ప్లాస్టిక్కూ ఒకదానిలోకి ఒకటి చొరబడి ఆరతాయి. పీపీ కరగదు. ఉప్పుకాగితంతో రుద్దినా పట్టుకు పనికొచ్చే గరుకు కంటే నూగే ఎక్కువ లేస్తుంది.

మేస్త్రీ చెప్పిన ఆ వేరే ప్రైమరులో, అంటే రంగుకు ముందు వేసే పూతలో, క్లోరిన్ కలిపిన పాలీఒలిఫిన్ (పీపీ కుటుంబపు ప్లాస్టిక్) ఉంటుంది. దాని గొలుసులో కొంత భాగం పీపీకి సొంత మనిషి, క్లోరిన్ ఉన్న చోటు రంగుకు దగ్గరిది. రెండు భాషలు తెలిసిన దుబాసీ అనుకోండి. కర్మాగారాల్లో బంపర్లకు మరో దారి ఉంది: మంటను తలం మీదుగా క్షణమాత్రం పోనిస్తారు. పైపొరలో ఆక్సిజన్ చేరి రంగుకు పట్టు దొరుకుతుంది. ఇంట్లో ప్రయత్నించకండి, పలక వంకర తిరుగుతుంది.

పలక ఊడదీయడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. హ్యాండిలు గిన్నెలో, చేతిబల్ల మూత కింద మరలు దాగి ఉంటాయి. అవి తీశాక అంచుల్లోని క్లిప్పులను ప్లాస్టిక్ పలుగుతో ఒక్కొక్కటిగా లేపాలి. ఎండకు మాగిన క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి, ముందే నాలుగు కొని పెట్టుకోవాలి. తలుపులో ఎయిర్‌బ్యాగుకు సంబంధించిన తీగలుంటే బ్యాటరీ విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి. పలక వెనక జిగురుతో అంటించిన పల్చటి షీటు కనిపిస్తుంది. పనికిరాని కవరని దాన్ని చింపేసేవాళ్ళున్నారు. వాన నీరు కిటికీ అద్దం పక్కనుంచి తలుపు లోపలికి దిగి, అడుగు రంధ్రాల గుండా బయటికి పోతుంది. ఆ నీటిని కారు లోపలికి రానివ్వకుండా ఆపేది ఆ షీటే.

రెండోసారి దుబాసీ పూత వేసి, పైన రంగు కొట్టాను. కళ్ళముందే అక్కడక్కడా గుండ్రటి గుంటలు పడ్డాయి. రంగు పనివాళ్ళు ఫిష్‌ఐ అంటారు. చేపల పులుసు ఊళ్ళో ఆ పోలికను వివరించనక్కర్లేదు. కారణం, ఏళ్ళ తరబడి మెరుపు కోసం నేను కొట్టిన సిలికాన్ పాలిషు. సిలికాన్ నూనె తలతన్యత 21 దగ్గర. దాని మరక ఉన్న చోట రంగు తలతన్యత పడిపోతుంది, చుట్టూ ఉన్న రంగు బలంగా లాగి అక్కడ ఖాళీ చేస్తుంది. పళ్ళెంలో నీళ్ళ మీద మిరియాల పొడి చల్లి, సబ్బు అంటిన వేలు ముంచితే పొడి అంచులకు పారిపోతుంది కదా, అదే బలం. 1865లో దీన్ని పరిశోధించిన కార్లో మారంగోనీ పేరుతో పిలుస్తారు. సిలికాన్‌ను తీసే మందుతో తుడిచాకే ఉప్పుకాగితం పట్టాలి; నేను ముందు రుద్ది, సిలికాన్‌ను గీతల్లోకి నా చేత్తోనే కూరాను.

అంతా గీకేసి మళ్ళీ మొదలుపెట్టేసరికి కార్తీకం వచ్చింది. మా జిల్లాకు వానలెక్కువగా కురిసేది అక్టోబరు, డిసెంబరు మధ్యనే. థిన్నరు ఆవిరవుతూ పూతను మట్టికుండలా చల్లబరుస్తుంది. చల్లబడిన పూత మీద గాలిలోని తేమ చెంబు చుట్టూ పట్టినట్టు పడుతుంది. రంగు పాలు కలిసినట్టు తెల్లబడింది. "తెరిపి ఇవ్వనీయండి సార్" అని మేస్త్రీ ముందే అన్నారు.

సంక్రాంతి వెళ్ళాక వేసిన పూతకు ముత్యపు మెరుపు ఎంచుకున్నాను. అలాంటి రంగుల్లో చాలావాటికి మెరుపునిచ్చేవి టైటానియం డయాక్సైడు పూసిన అభ్రకం రేకులు. ఆ పూత మందాన్ని బట్టే రంగు మారుతుంది. గూడూరు, సైదాపురం గనుల అభ్రకం ఒకప్పుడు విద్యుత్ పరికరాల కోసం దేశాలు దాటింది. నా డబ్బాలోని రేకులు ఎక్కడివో దాని మీద రాయలేదు. మనవేనని అనుకోవడానికి ఖర్చేమీ లేదు.

వారం ఆరనిచ్చి, బ్లేడుతో చిన్న గళ్ళు గీసి, టేపు అంటించి గట్టిగా లాగాను. టేపు మీద ఏమీ రాలేదు. అయితే ఈ పరీక్ష కనిపించని అంచున చెయ్యాలట. నేను చేతిబల్ల మీదే చేశాను.