ఓవెన్ బోర్డు నమ్మిన అబద్ధం

రాజోలు దగ్గర మా అక్క ఇంట్లో కేకు నడుమ పచ్చిగా మిగలడం మొదలై రెండు నెలలైంది. 180 డిగ్రీలు పెట్టినా పైన రంగు రాదు, పుల్ల గుచ్చితే పిండి అంటుకుని వస్తుంది. చూడడానికి వచ్చిన మెకానిక్ ఒక్క స్క్రూ కూడా విప్పకుండానే "బోర్డు పోయిందండీ, మార్చాలి" అన్నాడు. బోర్డంటే ఓవెన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్. కొత్త బోర్డు ధర వింటే ఓవెన్ ధరలో దాదాపు సగం. "మార్చేద్దామా, తమ్ముడూ?" అని అక్క ఫోను చేసింది. ఆగమని చెప్పి, వెళ్లి చూశాను. తెరపై అంకెలు సరిగా వెలుగుతున్నాయి, మీటలు పనిచేస్తున్నాయి, హీటరుకు కరెంటు వదిలే రిలే టక్కుమని పడుతోంది. ఇన్ని పనులు సవ్యంగా చేస్తున్న బోర్డు మీద నేరం మోపే ముందు, దానికి అందుతున్న సమాచారాన్ని పరీక్షించాలి.

ఆత్రేయపురంలో పూతరేకులు వేసే ఇల్లాలికి కుండ ఎంత కాగిందో తడిగుడ్డ పరచగానే తెలిసిపోతుంది. ఓవెన్ బోర్డుకు ఆ చూపూ లేదు, ఆ స్పర్శా లేదు. లోపలి వేడి గురించి దానికి కబురు తెచ్చేవి సెన్సరు నుంచి వచ్చే రెండు తీగలే. మా అక్క ఓవెన్‌లో ఉన్నది పీటీ 1000 అనే ప్లాటినం సెన్సరు. వేడెక్కేకొద్దీ ప్లాటినం నిరోధం, అంటే కరెంటుకు అది అడ్డుపడే తీరు, క్రమంగా పెరుగుతుంది; దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. ఆ గుణంతో వేడిని కొలవవచ్చని 1871లో విలియం సీమెన్స్ ప్రతిపాదించాడు. తీగకు మలినాలు సోకకుండా, లాగుడు పడకుండా చూసుకుంటే ఆ కొలతను గట్టిగా నమ్మవచ్చని 1887లో హ్యూ కాలెండర్ చూపించాడు. ఈ రకం సెన్సరులో సున్నా డిగ్రీల దగ్గర 1000 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 1385. అంటే డిగ్రీకి నాలుగు ఓమ్‌ల కన్నా కాస్త తక్కువ.

తీగ తెగితే నిరోధం అంతులేకుండా పెరిగిపోతుంది. రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే దాదాపు సున్నాకు పడిపోతుంది. వంటింట్లో అలాంటి వేడి గానీ చలి గానీ ఉండదు కాబట్టి బోర్డు వెంటనే పసిగట్టి, తెరపై లోపం కోడ్ చూపించి హీటరు ఆపేస్తుంది. వంద ఓమ్‌ల తేడా మాత్రం దానికి అనుమానం కలిగించదు. పెద్ద అబద్ధాన్ని పట్టుకునే బోర్డు చిన్న అబద్ధాన్ని నమ్మేస్తుంది. అక్క ఓవెన్ తెరపై ఏ కోడూ రాకపోవడానికి కారణం అదేనని నా అనుమానం.

ప్లగ్ పీకేసి, ఓవెన్ పూర్తిగా చల్లారాక నిరోధం కొలిచే మల్టీమీటరు పెట్టాను. (మైక్రోవేవ్ ఓవెన్ అయితే ప్లగ్ పీకినా విప్పవద్దు. లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత వోల్టేజి నిలిచి ఉండవచ్చు.) గదిలో 30 డిగ్రీలు. సెన్సరు సుమారు 1117 ఓమ్‌లు చూపాలి. బోర్డు వైపు కొసలో కొలిస్తే 1220 దాకా వచ్చింది. తీగను వేలితో కదిపితే అంకె ఊగులాడింది. వెనుక సెన్సరును బోర్డు తీగలతో కలిపే కనెక్టరు ఊడదీసి నేరుగా సెన్సరు కాళ్ల మీద కొలిస్తే 1118! సెన్సరు నిజమే చెబుతోంది, దారిలో ఎవరో వంద ఓమ్‌లు కలుపుతున్నారు. ఆ వంద ఓమ్‌ల విలువ 27 డిగ్రీలు. లోపల 153 ఉండగానే బోర్డు 180 అయిందనుకుని హీటరు ఆపుతోంది.

కనెక్టరును వెలుతురులోకి తిప్పి చూశాను. రెండు పిన్నుల్లో ఒకదాని మొదట్లో ఆకుపచ్చని పొడి, రాగి చెంబుకు పట్టే చిలుమే. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఉప్పు కణాలు గాలితో వచ్చి లోహం మీద కూర్చుని, తేమను లాక్కుని పలుచని ఉప్పునీటి పొరగా మారతాయి. పిన్ను పైనున్న తగరం పూత అరిగిన చోట రాగి తుప్పుపడుతుంది.

ఇదే చిలుము హీటరు తీగకు పట్టి ఉంటే కథ వేరుగా ఉండేది. 2000 వాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఆ దారిలో ఒక్క ఓమ్ అడ్డుపడినా అక్కడ దాదాపు 70 వాట్ల వేడి పుట్టి, ప్లాస్టిక్ మాడి, వాసనే లోపాన్ని పట్టిచ్చేది. సెన్సరు తీగలో పారేది అత్యల్పమైన కరెంటు. అక్కడ వంద ఓమ్‌లు చేరినా వేడి లేదు, వాసన లేదు. నిజానికి బోర్డును నిందించే చాలామందికి ఈ ఒక్క తేడా తెలిస్తే ఎంత డబ్బు మిగులుతుందో అనిపిస్తుంది నాకు.

వేడి చాలకపోవడానికి తక్కువ వోల్టేజి కూడా కారణం కావచ్చు. 190 వోల్టులకు పడిపోతే 2000 వాట్ల హీటరు ఇచ్చేది 1365 వాట్లే. అయితే అప్పుడు ఓవెన్ ఆలస్యంగా కాగుతుంది తప్ప, ముందే కాగానని చెప్పదు. అక్క ఓవెన్ సరిగ్గా అదే చెబుతోంది.

చిలుము పట్టిన చెంబును చింతపండుతో తోమినట్టు పిన్నును తోమకూడదు. సందుల్లో మిగిలిన పులుపు మళ్లీ లోహాన్ని తింటుంది. పాత కనెక్టరు కోసేసి, చిలుము ఎక్కని చోటు దాకా తీగను కత్తిరించి, వేడిని తట్టుకునే కొత్తది వేశాను. బోర్డు వైపు నుంచి మళ్లీ కొలిస్తే 1118. తీగను కదిపినా అంకె కదలలేదు. సాయంత్రం అక్క 180 పెట్టి, విడిగా ఒక ఓవెన్ థర్మామీటరును లోపలి తట్ట మీద ఉంచింది. అరగంటకు ముల్లు 180కి అటూ ఇటూగా నిలబడింది.