తొట్టి అంచున పది సెకన్లు

క్రోమ్ ప్లేటింగ్, అంటే వస్తువులకు క్రోమియం పూత వేసే పని చేసే చోట, వాటిని కడిగిన నీళ్లు పసుపు పచ్చగా ఉంటాయి. ఆ నీళ్లను ఒక బీకరులోకి తీసుకుని, కాస్త సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను; తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) 2, 3 మధ్యకు దించి, కొద్దిగా సోడియం బైసల్ఫైట్ వేస్తే చూస్తుండగానే పసుపు పోయి ఆకుపచ్చ వస్తుంది. తర్వాత సున్నపు నీళ్లు కలిపితే ఆ పచ్చదనం విరిగిన పాలలా తునకలు కట్టి మెల్లగా అడుగుకు దిగుతుంది. పైన తేటనీరు మిగులుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు విషం మాయమైపోయిందనే అనిపిస్తుంది.

మాయమవలేదు. మొదట ఉన్నది హెక్సావలెంట్ క్రోమియం. శరీర కణాల్లోకి తేలిగ్గా చొరబడుతుంది, క్యాన్సర్ తెప్పిస్తుంది. బైసల్ఫైట్ దాన్ని అంత హానిలేని ట్రైవలెంట్ రూపంలోకి మార్చింది. సున్నం దాన్ని నీటిలో కరగని హైడ్రాక్సైడ్‌గా చేసింది. ప్రమాదం చాలా తగ్గిన మాట నిజమే. కానీ బీకరులో మొదట ఎంత క్రోమియం ఉందో ఇప్పుడూ అంతే ఉంది. అప్పుడు నీళ్లలో ఉండేది, ఇప్పుడు బురదలో ఉంది.

లోహ వ్యర్థాలకూ మిగతా వ్యర్థాలకూ అసలు తేడా ఇదే. రసాయన ద్రావకాలను ఎక్కువ వేడిలో కాల్చి విడగొట్టవచ్చు. మురుగునీటిలోని సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా తినేస్తుంది. సీసం, కాడ్మియం, పాదరసం, నికెల్ మాత్రం మూలకాలు. వాటిని కాల్చినా బూడిదలోకో పొగలోకో చేరతాయి, పాతిపెట్టినా నేలలో అలాగే ఉంటాయి. రూపం మారుతుంది, చోటు మారుతుంది, అంతే.

ఎక్కువ నీళ్లలో కలిపేస్తే పలచబడిపోతుంది కదా అని ఒకప్పుడు అనుకునేవారు. జపాన్‌లోని తొయామాలో జింజు నది ఆ ఆలోచన ఎంత తప్పో చూపించింది. ఎగువన కమియోకా గని నుంచి వచ్చిన కాడ్మియం నదిలో కలిసింది, అదే నీరు వరి పొలాలకు పారింది, అక్కడి నుంచి బియ్యంలోకి చేరింది. ఏళ్ల తరబడి ఆ అన్నం తిన్నవాళ్లకు మూత్రపిండాలు పాడై, ఎముకలు పెళుసుబారాయి. కదిలితే చాలు నొప్పి. అందుకే ఆ జబ్బుకు 'ఇతాయి ఇతాయి' అని పేరొచ్చింది, అంటే 'నొప్పి, నొప్పి' అని. అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని జపాన్ ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. చెడిన పొలాలను బాగుచేసే పని 2012 దాకా సాగింది. నదిలోకి వదలడానికి ఏ ఖర్చూ కాలేదు. తిరిగి ఏరడానికి ఒక తరం పట్టింది.

శుద్ధి ప్లాంటులో జరిగే పని కూడా చూసినంత సులువు కాదు. ఒక్కో లోహం ఒక్కో పీహెచ్ దగ్గర బాగా విరిగి అడుగుకు దిగుతుంది. క్రోమియానికి 8 దరిదాపుల్లో, జింక్‌కు 9 దాటాక, నికెల్‌కు 10 పైన. సరే, అన్నిటికీ కలిపి సున్నం దండిగా వేసేద్దామంటే, క్రోమియం, జింక్ హైడ్రాక్సైడ్లు క్షారం మరీ ఎక్కువైతే మళ్లీ నీటిలోకి కరిగిపోతాయి. అందుకే అన్ని ప్లేటింగ్ లైన్ల నీళ్లనూ ఒకే గుంటలోకి కలిపే ఫ్యాక్టరీలో ఏదో ఒక లోహం తప్పించుకుంటూనే ఉంటుంది. సయనైడ్ ఉన్న నీళ్లతో ఇంకో చిక్కు. సయనైడ్ లోహాన్ని పట్టుకుని విరగనివ్వదు. పొరపాటున ఆ నీళ్లు యాసిడ్ నీళ్లతో కలిస్తే ప్రాణాలు తీసే హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుడుతుంది. పైపులు వేరుగా వేయడం ఖర్చని వాయిదా వేసేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి.

ఇక బురద. నీళ్లు పిండే ఫిల్టర్ ప్రెస్ యంత్రంలో ఒత్తి తీసిన బురద ముద్ద, 'కేక్', చేతికి గట్టిగానే తగులుతుంది గానీ, సాధారణంగా అందులో సగానికి పైగా నీళ్లే. దాన్ని లారీలో ఎక్కించి ప్రమాదకర వ్యర్థాల స్థలానికి పంపడమంటే చాలా వరకు నీళ్లు మోయడమే. ఆరబెట్టి పంపితే బరువు బాగా తగ్గుతుంది. లోహం బయటికి ఊరకుండా సిమెంటుతో కలిపి గట్టిపరిచే పద్ధతీ ఉంది. అది నిజంగా పట్టి ఉంచుతుందో లేదో పరీక్షించి చూడాలి. అమెరికాలో చేసే పరీక్షలో వ్యర్థాన్ని దాని బరువుకు 20 రెట్ల పలుచని ఎసిటిక్ ఆమ్లంలో వేసి సుమారు 18 గంటలు తిప్పుతారు. ఆ ద్రవంలోకి లీటరుకు 5 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి సీసం దిగితే అది ప్రమాదకర వ్యర్థం కిందే లెక్క.

ఇదంతా అవసరమే. కానీ అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆ లోహం అసలు నీళ్లలోకి ఎలా వచ్చింది?

ప్లేటింగ్ తొట్టిలో నుంచి వస్తువును పైకి తీసినప్పుడు దాని ఒంటికి ద్రావణం పలుచని పొరలా అంటుకుని వస్తుంది. ఈ రంగంలో దాన్ని డ్రాగవుట్ అంటారు. మామూలు క్రోమ్ ద్రావణంలో లీటరుకు 250 గ్రాముల దాకా క్రోమిక్ యాసిడ్ ఉంటుంది. అంటే డబ్బు పెట్టి కొన్న సరుకే పక్క తొట్టిలోకి కారిపోయి, అక్కడ వ్యర్థం అనే పేరు తెచ్చుకుంటోంది.

కడగడంలోనూ ఒక చక్కని లెక్క ఉంది. అంటుకొచ్చిన ఒక లీటరు ద్రావణాన్ని వెయ్యో వంతుకు పలచన చేయాలనుకుందాం. ఒకే తొట్టిలో కడిగితే సుమారు 1000 లీటర్ల నీళ్లు కావాలి. రెండు తొట్లు పెట్టి, మంచినీళ్లు చివరి తొట్టిలోకి వచ్చి అక్కడి నుంచి ముందు తొట్టిలోకి పొర్లేలా, అంటే వస్తువులు నడిచే దిశకు ఎదురుగా పారేలా చేస్తే సుమారు 32 లీటర్లు చాలు. మూడు తొట్లయితే 10. ఈ లెక్క చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. కొత్త రసాయనం ఏదీ లేదు, నీళ్ల దారి మార్చడమే. పైగా నీళ్లు తక్కువైతే వాటిలో లోహం చిక్కగా ఉంటుంది కాబట్టి వెనక్కి తీసుకోవడం కూడా వీలవుతుంది. వేడిగా ఉండే తొట్టిలో నీరు ఆవిరవుతుంటుంది, ఆ లోటును మొదటి కడుగు నీళ్లతో పూడ్చవచ్చు. అయితే వాటితోపాటు మలినాలూ వెనక్కి వస్తాయి కాబట్టి ద్రావణాన్ని అప్పుడప్పుడు శుభ్రం చేయక తప్పదు.

వెనక్కి తీసుకోవడం ప్లేటింగ్‌కే పరిమితం కాదు. ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసులో ఇనుప తుక్కు కరిగించినప్పుడు, తుక్కు మీది జింక్ పూత ఆవిరై పొగతో పోతుంది, ఫిల్టర్లలో దుమ్ముగా చిక్కుతుంది. జింక్ 907 డిగ్రీలకే మరుగుతుంది, ఉక్కు కరగాలంటే 1500 వరకు కావాలి. సీసం, కాడ్మియం కూడా ఉండే ఆ దుమ్మును కోక్ బొగ్గుతో కలిపి సుమారు 1200 డిగ్రీల దగ్గర తిరిగే కొలిమిలో వేస్తే జింక్ మళ్లీ ఆవిరై, ఆక్సైడ్‌గా చేతికొస్తుంది. పాతిపెట్టాల్సిన దుమ్ము జింక్ పరిశ్రమకు ముడిసరుకైంది.

అన్నిటికన్నా మేలు ఆ లోహాన్నే వాడకపోవడం. అలంకరణ ప్లేటింగ్‌లో ట్రైవలెంట్ క్రోమియం ద్రావణాలు వచ్చాయి. కాస్టిక్ సోడా తయారీలో పాదరసం సెల్స్ స్థానంలోకి పాదరసం అక్కర్లేని మెంబ్రేన్ సెల్స్ వచ్చాయి. పాదరసం మీద దేశాల మధ్య 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం ఆ పాదరసం వాడకాన్ని ఆపడానికి 2025ను గడువుగా పెట్టింది.

వీటికి పెట్టుబడి కావాలి, సమయం కావాలి. తొట్టి అంచున చేసే పనికి మాత్రం రేపటిదాకా ఆగనక్కర్లేదు. వస్తువుల్లో ద్రావణం నిలిచే గుంటలు కిందికి ఒంగేలా వాటిని ర్యాక్‌కు తగిలించి, ర్యాక్‌ను నెమ్మదిగా పైకి తీసి, ఒక పది సెకన్లు ఆపితే అంటుకున్నదాంట్లో చాలా భాగం తిరిగి తొట్టిలోకే కారుతుంది. ఎన్ని ర్యాకులు ముంచితే అంత కూలి అనే చోట ఆ పది సెకన్లు ఆగమని పనివాడికి చెప్పడం అన్యాయం. తొట్టి మీద ఒక అడ్డకడ్డీ వేయించాలి. ఒక ర్యాక్ దానికి వేలాడుతూ కారుతుంటే, అతను రెండోదాన్ని ముంచుకుంటాడు.