పక్షవాతం తర్వాత బిగుసుకుపోయే కాలూ చెయ్యీ: ఆపరేషన్ వెనక కథ

పక్షవాతం వచ్చిన కొత్తలో చెయ్యి వాలిపోయి వేలాడుతుంది. కొన్ని వారాలకు మోచెయ్యి ముడుచుకుంటుంది, పిడికిలి బిగుస్తుంది, మడమ నేలకు ఆనక పాదం లోపలికి తిరుగుతుంది. పాలకొండ నుంచి టెక్కలి దాకా ఏ ఊళ్లోనైనా ఇది చూసి బలం తిరిగొస్తోందని సంబరపడే ఇళ్లుంటాయి. అది బలం కాదు. సాగదీస్తే కండరం ముడుచుకునే గుణం వెన్నుపాములోనే ఉంది; దాన్ని అదుపులో ఉంచేది మెదడు. ఆ అదుపు తప్పితే, ఎంత వేగంగా లాగితే కండరం అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది.

ఈ సంగతి తేలింది పిల్లుల మీద. 1898లో ఇంగ్లండులో షెరింగ్టన్ అనే శాస్త్రవేత్త, మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) దగ్గర కోత పెట్టగానే కొయ్యబారిన పిల్లి కాళ్లు, వెన్నుపాము వెనక వేర్లు (స్పర్శను, కండరం సాగిన కబురును వెన్నుపాముకు తెచ్చే నరాల మొదళ్లు) తెంచితే సడలుతాయని చూపారు. 1908లో అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్‌లో ఫోర్‌స్టర్ అనే వైద్యుడు అదే పని మనుషులకు చేశారు. బిగుతు తగ్గేది, దానితోపాటు స్పర్శా పోయేది.

వెన్ను జోలికి పోకుండా, కండరానికి వెళ్లే నరాన్నే కొంత కోసే పద్ధతి 1910ల మొదట్లో జర్మనీలో స్టోఫెల్ అనే వైద్యుడి చేతుల్లో రూపు కట్టింది. ఏ పోగు కదలికది, ఏది స్పర్శది అన్నది తేల్చే సాధనం అప్పుడు లేదు. 1970ల తర్వాత ఫ్రాన్సులో మైక్రోస్కోపు, కరెంటు ప్రేరణ తోడయ్యాకే అది నమ్మదగ్గ పనైంది. మోకాలి వెనక కోసి, పిక్క కండరాల కొమ్మలను ఒక్కొక్కటిగా కరెంటుతో తట్టి చూసి, సగానికి పైగా పోగులను కొద్ది మిల్లీమీటర్ల మేర తీసేస్తారు. తక్కువ తీస్తే బిగుతు మళ్లీ వస్తుంది, ఎక్కువ తీస్తే పిక్క నీరసిస్తుంది. స్పర్శ పోగులకు దెబ్బ తగిలితే అరికాలు మంటలు పుడతాయి.

కోతకు ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: బిగుతు నరానిదా, కురచబడిన స్నాయువుదా (కండరాన్ని ఎముకకు కట్టే తాడుదా)? నరం పక్కన మత్తు సూది వేస్తే తెలిసిపోతుంది. మడమ దిగితే నరం పని. దిగకపోతే నరం కోసి లాభం లేదు. మడమ స్నాయువును పొడిగించాలి. పాదం లోపలికి తిరుగుతుంటే కాలి ముందు స్నాయువును నిలువునా చీల్చి, ఒక సగాన్ని పాదం వెలుపలి ఎముకకు బిగిస్తారు. ఈ పరీక్ష చేయకుండా కోతకు ఒప్పుకోవద్దని మా గట్టి మాట.

2018లో చైనా వైద్యుల ఫలితాలు వెలువడ్డాయి. అయిదేళ్లకు పైగా చెయ్యి బిగుసుకున్న 36 మందిలో 18 మందికి, మంచి వైపు మెడలోని ఏడో నరాన్ని పడిపోయిన చేతివైపు మళ్లించి కలిపారు. ఏడాదికి చేతి పనితనం 66 మార్కుల కొలతలో సగటున 17.7 పెరిగింది, ఆపరేషన్ లేనివారిలో 2.6. పెద్ద అడుగే, కానీ అది అందరికీ సరిపోయేది కాదు.

కండరాన్ని సడలించి మూడు నాలుగు నెలలు పనిచేసే బొటులినమ్ మందు సూది వేయించుకుంటూ, రోజూ సాగదీస్తూ ఉంటే కొందరికి కత్తే అక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్లు దాటుతుంది. ఆ ప్రయాణానికి వెనకాడి సూది మానేసి నూనె మర్దనతో ఏళ్లు గడిపితే స్నాయువు కురచబడుతుంది, గోళ్లు అరచేతిలో దిగి పుండ్లు పడతాయి.

స్నాయువు ఆపరేషన్ తర్వాత సుమారు ఆరు వారాలు కట్టు ఉంటుంది. పడిపోయిన కాలికి నొప్పి సరిగా తెలియకపోవచ్చు. అందుకే ఇంట్లోవాళ్లు పూటపూటా కాలి వేళ్ల రంగు, వెచ్చదనం చూడాలి. నీలంగానో చల్లగానో ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి కట్టు వదులు చేయించాలి.