బ్లాక్ బెల్టు, బెల్టు టెస్టులు: అపోహలు – వాస్తవాలు

ఇది ప్రధానంగా కరాటేలో ఒక శైలి అయిన షోటోకాన్ గురించి. మిగతా శైలుల్లో కటాల (ఒంటరిగా వరుసక్రమంలో చేసే కదలికల) పేర్లు, బెల్టు రంగుల వరుస మారతాయి.

అపోహ: రంగు బెల్టులు అనాదిగా ఉన్నాయి. తెల్ల బెల్టే మురికిపట్టి నల్లబడేది.

బెల్టులు కరాటేకి జూడో నుంచి వచ్చాయి. 1882లో టోక్యోలో కొడోకాన్ అనే జూడో పాఠశాల స్థాపించిన జిగోరో కానో, మరుసటి ఏడాది ఇద్దరు శిష్యులకు తొలిసారి డాన్ (ఇప్పటి బ్లాక్ బెల్టు స్థాయి) ఇచ్చారు. అదే పద్ధతిలో షోటోకాన్ మూలపురుషుడు గిచిన్ ఫునకోషి 1924లో కరాటేలో మొదటి డాన్‌లు ఇచ్చారు. పసుపు, ఆకుపచ్చ వంటి రంగులు తర్వాత యూరప్ జూడో క్లబ్బుల్లో వాడుకలోకి వచ్చాయి. మురికి కథ ఉత్త కథే. ఏ రంగు ఎన్ని నెలలకు ఇవ్వాలో పాతకాలపు శాసనం ఏదీ లేదు, ప్రతి సంస్థా తన సిలబస్‌లో రాసుకుంటుంది. అందుకే చేరేముందు ఆ సిలబస్ కాగితం అడిగి తీసుకోవాలి.

అపోహ: బ్లాక్ బెల్టు వస్తే విద్య పూర్తయినట్టే.

మొదటి డాన్ పేరు షోడాన్. 'షో' అంటే ఆరంభం. అక్షరాలు దిద్దడం అయింది, ఇక చదవడం మొదలుపెట్టాలి.

అపోహ: మూడు నెలలకో టెస్టు, టెస్టుకో బెల్టు.

నెలలు కాదు, గంటలు లెక్కపెట్టండి. వారానికి రెండు గంటల క్లాసు అనుకుంటే, స్కూలు పరీక్షలు, పండగలు, జ్వరాలు పోను మూడు నెలల్లో దక్కేవి 20 గంటలు. వార్మప్ తీసేస్తే 15. మొదటి రంగు బెల్టుకి అవి సరిపోవచ్చు, బ్లాక్‌కి ముందుండే బ్రౌన్ బెల్టుకి సరిపోవు. వారానికి మూడు రోజులు క్రమంగా వచ్చే పిల్లలకి కూడా షోడాన్‌కి నాలుగేళ్లు పట్టడం మామూలే. '18 నెలల్లో బ్లాక్ బెల్టు గ్యారంటీ' అనే ప్యాకేజీలో ఫలితం డబ్బు కట్టిన రోజే తేలిపోయింది. ఇక టెస్టు ఎందుకు?

అపోహ: టెస్టు ఫీజు తీసుకుంటే అది వ్యాపారమే.

హాలు అద్దె, బయటి ఊరి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఖర్చు, బెల్టు, సర్టిఫికెట్ ఉంటాయి. ఫీజు తప్పు కాదు. చూడాల్సింది వేరే: బ్లాక్ బెల్టు దాకా అయ్యే ఫీజులన్నీ ముందే రాసిస్తున్నారా? గత టెస్టులో ఎంతమందిని ఆపారు? ఆగినవాళ్లు మళ్లీ పూర్తి ఫీజు కట్టాలా? నేర్పిన మాస్టారే ఒంటరిగా టెస్టు పెట్టి, ఒక్కరినీ ఆపకుండా అందరికీ బెల్టు కడుతుంటే ఆ బెల్టు రసీదుతో సమానం.

అపోహ: ప్రమాణం ఉందో లేదో తల్లిదండ్రులు కనిపెట్టలేరు.

కనిపెట్టగలరు, సుద్దముక్క ఉంటే చాలు. హెయాన్ షోడాన్ అనే తొలి కటాలో (ఇది షోడాన్ బెల్టు కాదు, కటా పేరు) 21 కదలికలు, 9వ దగ్గర, 17వ దగ్గర కియాయ్ (గట్టి అరుపు). మొదలుపెట్టిన చోటే ముగియాలి. మేడ మీద పిల్లల పాదాల దగ్గర సుద్దతో గీత గీసి, కటా చేయమనండి. అడుగు దూరంలో ముగిస్తే అడుగుల కొలత కుదరలేదన్నమాట. మధ్య గీత మీద ముందుకు మూడు అడుగులు, వచ్చేటప్పుడు మూడు. పోయేటప్పుడు ఉత్సాహంగా పొడుగ్గా వేసి, తిరిగొచ్చేటప్పుడు అలిసి కురచగా వేస్తే ముగింపు గీత దాకా రాదు.

తర్వాత జెన్‌కుత్సు-దాచి (ముందు మోకాలు వంచి నిలబడే భంగిమ) చూడండి. పాదాల మధ్య అడ్డంగా నడుమంత వెడల్పు, ముందు మోకాలు వేళ్ల మీదికి, వెనక కాలు వంగకుండా చాచి, వెనక మడమ నేలమీద. రెండు పాదాలూ ఒకే గీత మీద ఉంటే పక్కనుంచి మెల్లగా తోసినా తూలిపోతారు. వెనక మడమ లేస్తుంటే చీలమండ బిగుసుకుని ఉండొచ్చు, లేదా అడుగు మరీ పొడవై ఉండొచ్చు. ముందు మోకాలు లోపలికి వాలితే వెంటనే సరిచేయాలి. అలాగే ఏళ్లు గడిస్తే మోకాలు నొప్పి చేస్తుంది.

ఇంకో పరీక్ష: 40 మంది వరుసలో లెక్కకి చేసేటప్పుడు పక్కవాళ్లని చూసి చేసేయొచ్చు. ఒక్కరినే నిలబెట్టి, ముఖం ఎదురు దిక్కుకి తిప్పి, లెక్క చెప్పకుండా చేయించండి. నాలుగో కదలికలో తడబడితే ఆ కటా ఇంకా ఒంటికి పట్టలేదు.

అపోహ: పెంకులు పగలగొడితే, చేతుల మీదుగా బైకు పోనిస్తే స్థాయి తెలుస్తుంది.

పెంకుల మధ్య సందు పెట్టి పేరిస్తే ఒక్కొక్కటిగా విరుగుతాయి, పైది విరిగి కిందదాన్ని కొడుతుంది. సందు లేకుండా పేరిస్తే చాలా కష్టం. బైకు విన్యాసం ఏ గ్రేడింగ్ సిలబస్‌కీ అవసరం లేదు. ఎదిగే ఎముకల మీద అది చేయించే చోట పిల్లల్ని ఉంచకండి.

అపోహ: పదేళ్ల పిల్లల బ్లాక్ బెల్టు పెద్దవాళ్లదానితో సమానం.

తైక్వాండోలో కొరియాలోని కుక్కివోన్ 15 ఏళ్లలోపు వాళ్లకి డాన్ బదులు 'పూమ్' ఇస్తుంది, ఆ బెల్టు ఎరుపు-నలుపు. ఈ తేడా నిజాయితీగలది. కరాటే స్కూళ్లు కూడా జూనియర్ అని స్పష్టంగా రాయాలి.

అపోహ: ఫెయిల్ చేస్తే పిల్లల మనసు విరుగుతుంది.

సిద్ధంగా లేనివాళ్లని అసలు టెస్టుకి పంపకూడదు. రెండు వారాల ముందు మాస్టారు క్లాసులోనే నమూనా టెస్టు పెట్టి, లోపాలు కాగితం మీద రాసిస్తే ఏడుపు తగ్గుతుంది. 'వెనక మడమ, హికితే' (గుద్దేటప్పుడు రెండో చేతిని నడుము దగ్గరికి లాగడం) అని రెండు మాటలు రాసినా పిల్లలు ఇంటి దగ్గర సాధన చేసుకుంటారు.

అపోహ: బ్లాక్ బెల్టు సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో చూసేది పోటీల సర్టిఫికెట్: దేశం తరఫున, జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున, అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో, జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడినవాటికి నిర్ణీత ఫారాలు ఉన్నాయి. వాటిలో బెల్టు రంగుకి గడి లేదు. కోటా ఆశ చూపించి టెస్టు ఫీజు అడిగితే, ఏ ఫారం ఇస్తారో, ఎవరు సంతకం పెడతారో డబ్బు కట్టకముందే అడగండి.